స్లోలో నిలబడని ఇంజిన్

మొన్న కార్తీకంలో, రాత్రి పదకొండు దాటాక, వేరావల్ నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మావా, ఇంజిన్ స్లోలో నిలబడ్డం నేదు. ఎక్కతంది, దిగతంది. వల లాగతన్నప్పుడు రెండుసార్లు ఆగిపోనాది. ఇప్పుడు జెట్టీకి కట్టేసినాం. ఏటి సెయ్యాల?" అన్నాడు. ఫోన్ ఇంజిన్ పక్కన పెట్టి నోరు మూసుకోమన్నాను. మంచం మీద లేచి కూచుని, రెండో చెవి అరచేత్తో మూసుకుని విన్నాను. డుగుడుగుడుగుమని ఎక్కి, ఊపిరి బిగబట్టినట్టు ఒక్క క్షణం తటపటాయించి, డుగ్... డుగ్... అని జారి, ఆగిపోతుందేమో అనుకునేలోగా మళ్లీ ఎగబాకుతోంది. 1978లో హెల్పర్‌గా చేరిన మొదటి వారంలోనే ఆ చప్పుడు నా చెవిన పడింది. దాన్ని మేం 'హంటింగ్ కొట్టడం' అంటాం.

వంశధార సముద్రంలో కలిసే చోటుకి కూతవేటు దూరంలో పుట్టిన కుర్రాడు గుజరాత్ బోటులో ఎందుకున్నాడు, అతని ఇంజిన్ రోగం విశాఖపట్నంలో మంచం మీదున్న నేనెందుకు వినాలి? ఈ రెంటికీ జవాబు ఒక్కటే. అది మా తీరపు కథే.

శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల సముద్రముంది. దాన్ని ఆనుకుని విజయనగరానికి, భోగాపురం, పూసపాటిరేగ మండలాల్లో, మరో 28 కిలోమీటర్లు. ఇచ్ఛాపురం దగ్గర డొంకూరు నుంచి బారువ, మంచినీళ్లపేట, భావనపాడు, కళింగపట్నం, బుడగట్లపాలెం మీదుగా ఇటు చింతపల్లి, ముక్కాం దాకా అంతా తెరిచిన ఒడ్డే. బాహుదా, మహేంద్రతనయ, వంశధార, నాగావళి, ఇన్ని నదులు కలుస్తున్నాయి కదా, మొగలో బోటు పెట్టుకోవచ్చు కదా అని పైవాళ్లు అడుగుతారు. మొగ ప్రతి ఏడూ ఇసకతో పూడుతుంది, చోటు మారుతుంది. వానాకాలంలో దారి ఇచ్చిన మొగ మాఘానికి మోకాలి లోతుకి వస్తుంది. అందుకే మా తాతల పనిముట్లన్నీ ఒడ్డు మీదకి లాగేసుకునేవే.

తెప్ప అంటే నాలుగైదు దుంగలు, కట్టుతాళ్లు. మీదకొచ్చిన నీరు సందుల్లోంచి జారిపోతుంది కనక మునగడమన్నది లేదు. ఒడ్డుకొచ్చాక కట్లు విప్పి దుంగలు ఆరబెట్టేవారు. పడవ వేరు. పలకల్ని మేకులు లేకుండా కొబ్బరిపీచు తాడుతో కుట్టేవారు. ఇంగ్లీషువాళ్లు దాన్ని మసూలా బోటన్నారు. అల కొట్టినప్పుడు మేకు వేసిన పడవ చీలిపోతుంది, కుట్టిన పడవ వంగి సర్దుకుంటుంది. కళింగపట్నం రేవుకి స్టీమర్లు వచ్చే రోజుల్లో అవి దూరంగా లోతులో లంగరేసి ఆగేవి. బస్తాలూ, మనుషులూ పడవలెక్కి అలలు దాటి వెళ్లాల్సిందే. రంగం (రంగూన్) పోయిన మా ఊరి కూలీలు సముద్రాన్ని మొదటిసారి దాటింది పెద్ద ఓడలో కాదు, ఆ కుట్టు పడవలో. భీమిలి నుంచి పోయిన గోగునారకి విదేశీ బజారులో బిమ్లీ జ్యూట్ అన్న పేరే పడింది. ఆ కట్టలు మోసిందీ అవే. ఇంజిన్ అన్నది అప్పటికి స్టీమరు కడుపులో ఉండేది, మా ఒడ్డుకి దాని పొగే కనపడేది.

దేశంలో చిన్న పడవలకి ఇంజిన్ పెట్టే పని స్వాతంత్య్రం వచ్చాక ఊపందుకుంది. 1952లో నార్వేతోనూ, ఐక్యరాజ్యసమితితోనూ ఒప్పందం కుదిరి కేరళలో కొల్లం దగ్గర నీండకరలో ఇండో నార్వీజియన్ ప్రాజెక్టు మొదలైంది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ పంపిన పాల్ జీనర్ వంటి నౌకాశిల్పులు 1950ల్లో మన తీరానికి సరిపోయే బోట్ల నమూనాలు గీశారు. 1957లో కొచ్చిలో కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ వచ్చింది. ఆ వరసలో మన రాష్ట్రంలో కాకినాడకీ, విశాఖకీ మరబోట్లు వచ్చాయి. వాటి పేర్లంటే నాకిప్పటికీ ముచ్చట. అన్నిటికన్నా చిన్నది పాబ్లో. తర్వాతది రొయ్య. ఆ పైన సుమారు 11 మీటర్ల సొర్ర. అన్నిటికన్నా పెద్దది 13 మీటర్ల సోనా. కాగితాల మీద సర్కారు వారు కూడా రొయ్య బోటు, సొర్ర బోటు అనే రాశారు. వలలో పడే రెండు జీవాల పేర్లు, అచ్చ తెలుగులో, రిజిస్టర్లకెక్కాయి.

ఇవేవీ భీమిలి దాటి ఉత్తరానికి వచ్చి స్థిరపడలేదు. కారణం మనిషి కాదు, ఒడ్డు. లోపల బిగించిన ఇంజిన్‌కి కింద పంకా ఉంటుంది, దాని వెనక చుక్కాని ఉంటుంది. టన్నుల బరువున్న ఆ బోటుని ఇసక మీదకి లాగలేం. లాగితే ముందు విరిగేవి ఆ రెండే. కాకినాడకి ఎదురుగా ఇసక దిబ్బ అడ్డముంది, విశాఖకి డాల్ఫిన్ కొండ ఉంది. మాకు అడ్డం ఏదీ లేదు. 1976లో విశాఖ ఫిషింగ్ హార్బర్ తయారయ్యాక మా పేటల నుంచి కుర్రాళ్లు బస్సెక్కి అక్కడికి చేరడం మొదలెట్టారు. కొందరు బోటు మీద పనిచేసే కళాసీలయ్యారు, పని నేర్చినవాళ్లు బోటు నడిపే సరంగులయ్యారు. నాకు సముద్రంలో కడుపు తిప్పేది. అందుకని ఇంజిన్ దగ్గర చేరాను.

మా మేస్త్రి భీమిలి మనిషి. ఆయన దగ్గర మొదటి మూడు నెలలూ నన్ను పానా ముట్టుకోనివ్వలేదు. "ముందు సెవి పెట్టు గుంటడా. సేతులు కట్టుకోని ఇను. పానా ఎక్కడికీ పోదు" అనేవాడు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కి ఆనించి, పిడి చెవి వెనక ఎముకకి ఆనించి, ఒక్కో సిలిండర్ దగ్గరా వినమనేవాడు. ఇంజెక్టర్‌కి వెళ్లే ఉక్కు పైపుని రెండు వేళ్లతో పట్టుకోమనేవాడు. ప్రతి దెబ్బకీ లోపల నాడి కొట్టుకుంటుంది. ఆరు పైపుల్లో ఒకటి మెత్తగా కొడితే రోగం ఎటుందో సగం తెలిసినట్టే.

స్లో స్పీడ్ గురించి బయటివాళ్లకి పట్టింపు ఉండదు. ఇంజిన్ జోరుగా పరుగెడితే చాలనుకుంటారు. బోటువాడికి అలా కాదు. వల లాగేటప్పుడు ఇంజిన్ స్లోలో ఉండాలి. అప్పుడు బోటు ముక్కుని అలకి ఎదురుగా నిలబెట్టేది ఆ చిన్న చప్పుడే. అది ఆగిందా, బోటు అడ్డం తిరుగుతుంది, కెరటం పక్కటెముకల మీద కొడుతుంది, వల వెళ్లి పంకాకి చుట్టుకుంటుంది. స్లోలో నిలబడని ఇంజిన్‌తో వేటకి పంపడమంటే ఆరుగురినో ఎనిమిదిమందినో చేతులారా అడ్డం తిప్పి పెట్టినట్టే. ఈ మాట నేను ఓనర్లతో కొట్లాడి మరీ చెప్పాను.

డీజిల్ ఇంజిన్‌కి ప్లగ్గు లేదు, నిప్పురవ్వ లేదు. గాలిని నొక్కి నొక్కి ఎర్రగా కాల్చి, అందులో డీజిల్ చిమ్మితే అదే మండుతుంది. రుడాల్ఫ్ డీజిల్ 1897లో దాన్ని నడిపి చూపించాడు. అయితే చిన్న బోటులో ఇమిడేంతగా అది ఒదిగింది మాత్రం పంపు వల్ల. జర్మనీలో బాష్ కంపెనీ 1927లో ఇంజెక్షన్ పంపుల్ని వరసగా తయారుచేయడం మొదలెట్టింది. మనకి 1951లో బెంగళూరులో మైకో వచ్చింది, హార్బర్లో ఏ పంపైనా 'మైకో పంపే'. ఇంజిన్లు రకరకాలు. కిర్లోస్కర్ ఉండేవి, అశోక్ లేలాండ్ ఆరు సిలిండర్లవి ఉండేవి. గుండెకాయ మాత్రం ఆ పంపు.

ఇంజిన్ ఎంత వేగంగా తిరగాలన్నది ఎంత డీజిల్ చిమ్మాలన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆ లెక్క చూసేది గవర్నర్. జేమ్స్ వాట్ 1788లో ఆవిరి ఇంజిన్‌కి పెట్టిన తిరుగుడు గుండ్ల ఉపాయమే ఇది. వేగం పెరిగితే గుండ్లు బయటికి విచ్చుకుని డీజిల్ తగ్గిస్తాయి, వేగం తగ్గితే స్ప్రింగు వాటిని లోపలికి నెట్టి డీజిల్ పెంచుతుంది. జోరులో గుండ్లకి బలముంటుంది. స్లోలో గుండ్లూ నీరసంగా తిరుగుతాయి, స్ప్రింగూ మెత్తగా ఉంటుంది. కీలు దగ్గర ఏ కాస్త అరుగుదలో, జిగటో ఉన్నా అది ఆలస్యంగా కదులుతుంది. ఆలస్యంగా ఎక్కువిస్తుంది, ఆలస్యంగా తగ్గిస్తుంది. అదే ఎక్కడం, దిగడం.

దానికన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. స్లోలో ఒక్కో దెబ్బకీ సిలిండర్లోకి పోయే డీజిల్ ఆవగింజ కన్నా పెద్దదేం కాదు. జోరులో ఒక గాలిబుడగ వచ్చినా ఇంజిన్ మింగేసి పోతుంది. స్లోలో అదే బుడగ ఒక పూట భోజనం పోయినంత. అందుకని డీజిల్ దారిలో ఏ లోపమున్నా మొదట స్లోలోనే బయటపడుతుంది. జోరులో బాగానే ఉంది కదా అని వదిలేసినవాడు నడిసముద్రంలో చిక్కుకుంటాడు.

1983లో, వేట ముదిరిన రోజుల్లో ఒక సొర్ర బోటు వచ్చింది. మా దగ్గరికి రాకముందే ఓనరు ఎక్కడెక్కడో తిరిగాడు. నాజిల్స్ మార్చారు. పంపు దించి కాలిబ్రేషన్ చేయించారు. అప్పు చేసి మరీ ఖర్చుపెట్టాడు. ఇంజిన్ మాత్రం ఎక్కుతూ దిగుతూనే ఉంది. ఎవరో స్లో స్క్రూ బిగించి వేగం పెంచేశారు కూడా. అలా చేస్తే రోగం పోదు, దాక్కుంటుంది. పైగా గేరు వేసిన ప్రతిసారీ క్లచ్ ప్లేట్ల మీద దెబ్బ పడుతుంది.

మా మేస్త్రి పంపు వైపు కన్నెత్తి చూడలేదు. అయిదు లీటర్ల డబ్బా ఒకటి తెమ్మన్నాడు. గుడ్డలో వడకట్టిన డీజిల్ పోసి, క్యాబిన్ గోడ మేకుకి తల ఎత్తున తగిలించి, రబ్బరు గొట్టంతో సరాసరి ఇంజిన్‌కి ఇచ్చాడు. తిరిగొచ్చే పైపుని కూడా ఆ డబ్బాలోకే వదిలాడు. ఎయిర్ తీసి స్టార్ట్ చేశాం. రెండు నిమిషాలు తడబడింది. ఆ తర్వాత చుట్టూ ఉన్నవాళ్లందరూ ఒక్కసారి మాట ఆపేశారు. టకటకటకమని, చెక్కమీద వాన పడ్డట్టు, ఒకే తీరున నిలబడింది. ఓనరు క్యాబిన్ మెట్టు మీద కూలబడి కళ్లు తుడుచుకున్నాడు.

అంటే పంపు బాగుంది, నాజిల్స్ బాగున్నాయి. లోపం ట్యాంకుకీ, పంపుకీ మధ్య దారిలో ఉంది. "సూడు, ఆ దారిలో డీజిలు ఒక్క సుక్క కారదు. గాలే లోనికెళ్తాది" అన్నాడు మేస్త్రి. పంపు పీల్చే వైపు సన్నటి సందు ఉంటే బయటికి తడి కనపడదు, లోపలికి గాలి పోతుంది. ఓనరు వెతికింది తడి కోసం. మేస్త్రి ఒక్కో జాయింటుకీ గ్రీజు దట్టంగా పూసుకుంటూ వచ్చాడు. ఫిల్టర్ దగ్గర పైపుని బిగించే బ్యాంజో బోల్టుకి పూసిన వెంటనే ఇంజిన్ కాస్త కుదుటపడింది. బోల్టు విప్పితే కింద రాగి వాషర్, ఎన్నోసార్లు బిగించి బిగించి రాయిలా గట్టిపడిపోయి, మీద వెంట్రుకంత గీత.

అప్పటికి రాత్రయింది, కొట్లన్నీ మూసేశారు. కొత్త వాషర్ దొరకదు. కళాసీలు కిరసనాయిలు పొయ్యి మీద చేపల పులుసు ఉడికిస్తున్నారు. మేస్త్రి గిన్నె దింపమని, వాషర్‌ని తీగకి గుచ్చి మంటలో పెట్టాడు. నల్లబడి, ఆపైన చింతనిప్పులా ఎర్రబడ్డాక నీళ్లలో ముంచాడు. ఉక్కు అలా చేస్తే గట్టిపడుతుంది, రాగి మెత్తబడుతుంది.  వాషర్‌ని అద్దం పలక మీద పరిచిన గరుకు కాగితానికి రుద్ది గీత పోగొట్టి, తిరిగి బిగించాడు. డబ్బా తీసేశాం. ట్యాంకు డీజిల్ మీదే తెల్లారేదాకా ఇంజిన్ నడిపి కూచున్నాం. ఆ వాషర్ ఖరీదు అప్పట్లో పైసల్లో ఉండేది.

అన్నీ గాలి కథలే కావు. డబ్బా తగిలించినా ఎక్కుతూ దిగుతుంటే అప్పుడు ఒక్కో నాజిల్ పైపు నట్టు వదులు చేసి చూస్తాం. వదులు చేసినా చప్పుడు మారని సిలిండరే చచ్చిన సిలిండర్. పాత పంపులు కొన్నిట్లో గుండ్ల గవర్నర్ బదులు, గాలి పీల్పు మీద పనిచేసేది ఉండేది. దానిలో ఒక పొర ఉంటుంది, డయాఫ్రం అంటాం. మా ఉప్పుగాలికి అది ఎండి చిట్లితే స్లోలో ఇంజిన్ పూనకం వచ్చినట్టు ఊగుతుంది. చిట్లక ముందు, బిగుసుకుపోయిన దశలో అయితే, పల్చటి నూనె పట్టిస్తే కొన్నాళ్లు బతుకుతుంది. ఇక ఫౌండేషన్ బోల్టులు వదులై, షాఫ్టు లైను తప్పి ఊగే ఇంజిన్లు వేరే జాతి, వాటికి చెవి కన్నా చెయ్యి ఎక్కువ చెబుతుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి పోయాక నెల రోజులు మాకు పగలూ రాత్రీ తేడా లేదు. మునిగి తేలిన బోట్ల ట్యాంకుల్లో అడుగున సముద్రం నిలబడి ఉంది. డీజిల్ పైన తేలుతుంది, నీరు కింద చేరుతుంది, పైపు పీల్చేది కిందనుంచే. గాజుసీసాలోకి పట్టి ఎండకి పెడితే గీత గీసినట్టు రెండూ విడిగా కనపడేవి.

మా ఒడ్డు సంగతికి మళ్లీ వస్తాను. ఆ ఒడ్డు కోసమే ఆలోచించినవాళ్లు ఒక్కసారి వచ్చారు. 1979లో మద్రాసు కేంద్రంగా ఆహార వ్యవసాయ సంస్థ బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రాం మొదలెట్టింది. నార్వే నౌకాశిల్పి ఓయివింద్ గుల్‌బ్రాండ్‌సన్ ఆ కార్యక్రమంలో అలల్లోంచి నేరుగా ఇసక మీదకి వచ్చే బోట్లు గీశాడు. ఐఎన్‌డీ 20 అని ఫైబర్ బోటు ఒకటి. లోపల పది గుర్రాల శక్తి లోపు డీజిల్ ఇంజిన్. ఆ ఇంజిన్, షాఫ్టు, పంకా అన్నీ ఒకే ముక్కగా ఇరుసు మీద ఊగుతాయి. ఒడ్డు దగ్గరికి రాగానే లోపలి నుంచి ఎత్తేస్తే పంకా, చుక్కాని పైకి లేస్తాయి, బోటు అడుగు ఇసకని ముద్దాడుతుంది. గాలితో చల్లబడే ఇంజిన్ కనక ఉప్పునీరు, ఇసక లోపలికి పీల్చే బాధ లేదు. ఒడ్డు మీదుండగానే స్టార్ట్ చేసి అల కోసం కాచుకోవచ్చు. 1980ల్లో మన తీరంలో వీటిని కొన్ని వందలు దింపారు. నేను ఒకటి రిపేరు చేశాను. అంత తెలివైన ఏర్పాటు నా సర్వీసులో మళ్లీ చూడలేదు.

ఆ బోటులో స్లో అంటే ప్రాణమే. విరిగే కెరటాల బయట ఇంజిన్‌ని స్లోలో పెట్టి, సరంగు వెనక్కి తిరిగి అలలు లెక్కపెడతాడు. పెద్దవి దాటనిచ్చి, ఒక చిన్నదాని వీపు మీద ఒక్కసారిగా జోరిచ్చి లోపలికి వస్తాడు. ఆ కాచుకునే నిమిషంలో ఇంజిన్ ఆగితే వెనక అల బోటుని తిరగేస్తుంది. మెకానిక్ దూరాన పట్నంలో ఉన్నాడు, ఒడ్డున ఉన్నవాళ్లకి అలలు తెలుసు, ఇంజిన్ తెలియదు. ఇంజిన్‌తోపాటు దాన్ని వినేవాణ్ణి కూడా ప్రతి పేటకీ ఇచ్చి ఉంటే ఆ బోట్లు నిలిచేవని నా నమ్మకం. చివరికి మా ఒడ్డు గెలిపించింది ఫైబర్ తెప్పని. దాని వెనక తగిలించే చిన్న ఇంజిన్, పొడుగాటి తోక షాఫ్టు. ఒడ్డుకి రాగానే ఇంజిన్ ఎత్తి భుజాన వేసుకుని ఇంటికి పోవచ్చు. బాగుచేయడం తేలిక, ఆగిపోయినా తెడ్డు ఉంది. దాన్ని తప్పుపట్టను. కాకపోతే దాంతో ఎంతో దూరం పోలేం, ఎక్కువ రోజులుండలేం.

అందుకే పెద్ద బోటు మీద సంపాదన కావాలన్న కుర్రాళ్లు విశాఖ దాటి పారాదీప్, చెన్నై, ఆ పైన వేరావల్ వెళ్లారు. ఆగస్టులో రైలెక్కితే ఎండాకాలానికి తిరిగొస్తారు. ఇక్కడ సరంగు అనేవాణ్ణి అక్కడ తండేల్ అంటారు. 2018 నవంబరులో వేరావల్ బోట్ల మీదున్న మా శ్రీకాకుళం, విజయనగరం మనుషుల్ని పాకిస్థాన్ సముద్ర భద్రతా దళం పట్టుకుపోయింది. డి.మత్స్యలేశం వంటి పేటల్లో ఆడవాళ్లు పదమూడు నెలలకి పైగా ఎదురుచూశారు. 2020 జనవరిలో 20 మంది వాఘా సరిహద్దు దాటి వచ్చారు. 2025 ఫిబ్రవరిలో 'తండేల్' సినిమా వచ్చాక ఆ మాట దేశమంతా తెలిసింది. మా తీరంలోనూ మూలపేటలో పోర్టు పనికి 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది, బుడగట్లపాలేనికి ఫిషింగ్ హార్బర్ అనుకున్నారు. గోడ కట్టి అలని ఆపితే మరబోటు మా ఊరి ముందు నిలబడుతుంది. అప్పుడు మా మేనల్లుడు రైలెక్కక్కర్లేదు.

ఆ రాత్రి వాడికి డబ్బా సంగతి చెప్పాను. "డబ్బా నేదు మావా, మినరల్ వాటర్ సీసా ఉంది" అన్నాడు. అదే చాలన్నాను, రెండు లీటర్లయినా స్లోలో కావలసినంతసేపు నడుస్తుంది. తడి లేకుండా తుడిచి, డీజిల్ గుడ్డలో వడగట్టి పోయమన్నాను. ఫోన్ స్పీకర్‌లో పెట్టి జేబులో వేసుకున్నాడు. మెట్ల చప్పుడు, ఎవరిదో గుజరాతీ మాట, హ్యాండ్ ప్రైమర్ కొడుతున్న చప్పుడు వినిపించాయి. స్టార్ట్ చేశాడు. ఎక్కింది, దిగింది, ఎక్కింది, ఒక నిమిషానికి నిలబడింది.

"ఇన్నావా మావా?"

"ఇన్నాను. ఇప్పుడు సీసా తీసీ. ఫిల్టర్ తరవాత తెల్ల ప్లాస్టిక్ గొట్టం ఒక ముక్క కట్టి టార్చి లైటెయ్యి. బుడగలు కనపడతాయి. అవి ఏ జాయింటుకి గ్రీజు రాస్తే ఆగుతాయో ఆ బోల్టు ఇప్పు."

పావుగంటకి వాషర్ ఫొటో వాట్సాప్‌లో వచ్చింది. వాడి అరచేతిలో, నూనె మరకల మధ్య, అంచున సన్నటి గీతతో. పొయ్యి వెలిగించమన్నాను.